సున్నం పూసిన బట్టీ

మీ ఇంట్లో అటక మీద పాత పింగాణీ గిన్నె ఏదైనా ఉంటే దించి, దుమ్ము తుడిచి, ఒకసారి బోర్లించి చూడండి. అడుగున మూడు చిన్న మచ్చలు కనిపిస్తాయి. వేలితో తడిమితే గరుగ్గా తగులుతాయి. వాటిని చూసి చవక సరుకనుకునేవాళ్ళే ఎక్కువ. మా మనవరాలైతే "ఎలుక కొరికిందా అమ్మమ్మా?" అని అడిగింది. ఎలుక పింగాణీ కొరుకుతుందా, పిచ్చిమొహమా! ఆ మూడు మచ్చల కోసమే మీ అమ్మమ్మ వయసంతా ధారపోసింది.

చదువుకునే పిల్లలు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మట్టి గిన్నె మీద గాజులా మెరిసే పూత ఉంటుంది చూశారా, దాన్ని గ్లేజు అంటారు. బట్టీలో కాలేటప్పుడు అది బెల్లం పాకంలా కరుగుతుంది. అప్పుడు గిన్నె కింద ఏది తగిలితే దానికి అంటుకుంటుంది. చల్లారాక విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకని గిన్నెను బట్టీ బల్ల మీద నేరుగా పెట్టరు. మూడు మొనలున్న చిన్న మట్టి ముక్క చేసి, దాని మీద నిలబెడతారు. మొన ఎంత సన్నగా ఉంటే మచ్చ అంత చిన్నదవుతుంది. మేము వాటిని కోడికాళ్ళు అనేవాళ్ళం. కాలడం అయ్యాక వాటిని టక్కున విరిచి అవతల పారేస్తారు. గిన్నె ఊళ్ళు తిరుగుతుంది, కోడికాలు పెంటకుప్పకు పోతుంది. నేను చేసింది ఆ కోడికాళ్ళే.

గురజాల నుంచి మాచర్ల పోయే దారి పక్కన, రైలు పట్టాలకు కాస్త ఇవతల, అరవైల మొదట్లో ఒక పింగాణీ కేంద్రం ఉండేది. పేరుకు కేంద్రం గానీ, ఉన్నది రెండు రేకుల షెడ్లు, ఒక పొగగొట్టం, ఒక బట్టీ. అటు కృష్ణ మీద పెద్ద డ్యాం కడుతున్న రోజులవి. అక్కడికి దిగిన జనం కోసం ఆసుపత్రికీ క్యాంటీన్లకీ గిన్నెలు, సాసర్లు, చిన్న చిన్న జాడీలు మా దగ్గర చేయించేవాళ్ళు. కుమ్మరి సారె మీద గిన్నెలు చేసేది మగవాళ్ళు. గ్లేజులో ముంచేదీ వాళ్ళే. బట్టీలో పేర్చేది సాయిబు మామ ఒక్కడే. ఆడవాళ్ళం షెడ్డు చివర గోనెపట్టాల మీద కూర్చుని కోడికాళ్ళు చేసేవాళ్ళం.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నా కలల్లోకి వస్తాయి. బయట నాపరాళ్ళ నేల మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంటుంది. రేకుల సందుల్లోంచి దిగిన వెలుగులో మట్టిదుమ్ము తేలుతూ ఉంటుంది. మేము చర్చిని గుడనే అంటాం. ఎవరో సన్నగా గుడిపాట అందుకుంటారు, పక్కావిడ కలుపుతుంది, కాసేపటికి ఎవరు పాడుతున్నారో తెలియకుండా షెడ్డంతా పాట నిండుతుంది. చేతులు వాటంతట అవే మట్టిని చిటికెతో లాగి మొనలు తీస్తుంటాయి. నిద్రో మెలకువో తెలిసేది కాదు. కూలి డబ్బులు కలలో కనబడవు గానీ ఆ తడిమట్టి వాసన మాత్రం నిద్ర లేచాక కూడా కాసేపు ముక్కు దగ్గరే ఉంటుంది.

నా పక్కన కూర్చునేది మా గుడి వీధి అక్క. సొంత అక్క కాదు, వీధికంతా అక్కే. పొడుగ్గా, ఎముకల పోగులా ఉండేది. నోరు మాత్రం గట్టిది. భర్త పోయాడు, పిల్లల్లేరు, మంచాన పడ్డ తల్లి ఉంది. పని చేస్తూ చేస్తూ ఆగి, చేతిలోని కోడికాలును వెలుగుకు ఎత్తి చూసుకునేది.

"ఒసే, మనం చేసిన కాళ్ళ మీద లోపల ఏమేం నిలబడతయ్యో ఒక్కసారి చూడాలనుందే" అనేది.

"చూసి ఏం చేస్తావక్కా? కాళ్ళు విరిగిపోయేయేగా" అనేదాన్ని.

"విరిగితే విరగనియ్యి. నిలబడ్డప్పుడు చూడొద్దా?"

చూడాలన్న మోజొక్కటే అయితే ఈ కథే లేదు. వానలు పడితే మట్టి ఆరదు. అప్పుడు కోడికాళ్ళ ఆడవాళ్ళను ఇళ్ళకు పంపేసేవాళ్ళు. బట్టీవాళ్ళకు మాత్రం నిలవ సరుకు కాల్చే పని ఏడాదంతా ఉండేది. ఇళ్ళకు పోయిన మేము కలుపులకీ నాట్లకీ ఊళ్ళు పట్టుకుని పోవలసిందే. అంతకు ముందు ఏడు అక్క మాచవరం వైపు వలస పోయి వచ్చేసరికి తల్లి వీపంతా పుళ్ళు పడి ఉంది. నీళ్ళిచ్చే దిక్కులేక నాలుక పిడచగట్టి ఉంది. ఆ పుళ్ళు కడుగుతూ అక్క ఏడవలేదు. "ఇంకోసారి ఈమెను వదిలిపెట్టి పోతే నేను మనిషినే కాను" అని మాత్రం అంది. బట్టీలో పని దొరికితే ఆ వలస తప్పుతుంది. కానీ బట్టీ గడప ఆడది తొక్కితే సరుకు కాలదని మగవాళ్ళ నమ్మకం.

ఆ ఏడు క్రిస్మస్ నెల మొదట్లో సాయిబు మామ బట్టీ పైకప్పు మీద పగులు పూడుస్తూ జారి పడ్డాడు. కాలు విరిగింది. గ్లేజు ఆరిన గిన్నెలు షెడ్డు నిండా వరసలు కట్టి ఉన్నాయి. అవతల డ్యాం ఆసుపత్రి నుంచి మనిషి మీద మనిషి వచ్చి అడుగుతున్నాడు. మా సూపరింటెండెంటు గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన. చెడ్డవాడు కాదు, భయస్తుడు. తల పట్టుకుని కూర్చున్నాడు.

కాలికి బద్దలు కట్టించుకుని, ఒంటెద్దు బండిలో వచ్చి దిగిన సాయిబు మామే ఆ మాట ఎత్తాడు. "కోడికాళ్ళు చేసే పిల్లలున్నారు గదా సార్. నేను గుమ్మం దగ్గిర కూర్చుని చెప్తా, వాళ్ళు పేరుస్తారు."

నిప్పు చూసే మేస్త్రీ గయ్యిమన్నాడు. "ఆడోళ్ళు లోపలికి పోతే బట్టీ కాలుద్దా మామా? నీకేమన్నా మతిపోయిందా?"

"అరే, మీ ఇంట్లో పొయ్యి ఎవరు ముట్టిస్తన్నారు? నువ్వా?" అన్నాడు మామ. "రోజూ కడుపునిండా తింటన్నావు, కాలకుండానే తింటన్నావా?"

షెడ్డంతా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. సూపరింటెండెంటు గారు చాలాసేపు గోళ్ళు కొరికి, చివరికి మా వైపు తిరిగాడు. "ఒక్క బట్టీ చూస్తాను. బాగా వస్తే ఇద్దరిని బట్టీ పనిలోకి తీసుకుంటాను. సరుకు చెడిందంటే మాత్రం మళ్ళీ ఎవరూ నన్ను అడగొద్దు" అన్నాడు.

ఎవరు ముందుకొస్తారా అని అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటుంటే అక్క అప్పటికే కొంగు బిగించింది. లేస్తూ లేస్తూ నా చెయ్యి పట్టుకుని లాగింది.

బట్టీ లోపలికి మొదటిసారి అడుగుపెట్టడం నేను మరిచిపోలేను. వంగి గుమ్మం దాటితే లోపల నిటారుగా నిలబడవచ్చు. గుండ్రటి గోడలు, పైన గోపురం, నడినెత్తిన కన్నంలోంచి ఒకే ఒక్క వెలుగు చార. పాత మంట వేడి ఇటుకల్లో ఇంకా మిగిలే ఉంది. కాళ్ళ కింద నేల, నిద్రలో ఉన్న పసిబిడ్డ ఒంటిలా వెచ్చగా తగిలింది. ఎంత తగ్గించి మాట్లాడినా మాట గోడల చుట్టూ తిరిగి మళ్ళీ మన దగ్గరికే వచ్చేది. అక్క నోరు తెరుచుకుని గోపురం వంక చూస్తూ నిలబడిపోయింది.

"గుడిలాగుందే" అంది గుసగుసగా. ఆ గుసగుస కూడా తిరిగొచ్చింది.

ఇక్కడే వచ్చిపడింది అసలు సంగతి. గిన్నెలు పేర్చే బల్లలు మందపాటి మట్టి పలకలు. గ్లేజు బొట్టు కారినా పలకకు అంటుకోకుండా వాటి మీద ప్రతిసారీ తెల్లటి పూత పూస్తారు. సాయిబు మామ కుంచె పట్టుకుని పూయడం మేము బయటినుంచి రోజూ చూసిందే. ఆ పూత ఏమిటన్నది ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఆయనకది చెప్పవలసిన సంగతని తోచలేదు. మాకది అడగవలసిన సంగతని తోచలేదు. మా పల్నాటిలో ఎటు తవ్వినా సున్నపురాయే. గోడకు పూసినా, గుడికి పూసినా, సమాధికి పూసినా తెల్లగా పూసేదంటే సున్నమే. ఇంకో తెలుపు ఉంటుందని మాకెవరికీ తెలియదు.

పైగా క్రిస్మస్ నెల. ప్రతి ఇంటి ముందూ సున్నం కుండ ఉడుకుతూ ఉండేది. ఆ సాయంత్రం మామను బండెక్కించి ఇంటికి పంపాక అక్క తన ఇంటికోసం నానబెట్టుకున్న సున్నాన్ని బిందెతో మోసుకొచ్చింది. పలకల మీది పాత పూత మాసిపోయి అట్టలు కట్టి ఉంది.

"ఇట్టా మురికిగా ఉంటే ఎట్టానే? మన చేతికొచ్చిన మొదటి బట్టీ" అంటూ ఒక్కో పలకను గీకి, కడిగి, ఆరబెట్టి, గుడ్డలో వడగట్టిన సున్నం పూసింది. పూయడమా అది! పెళ్ళింటి గోడకు కూడా అంత శ్రద్ధగా పూయరు. అంతటితో ఊరుకుందా? కోడికాళ్ళ మొనలు కూడా ఒక్కొక్కటే సున్నంలో ముంచి తీసింది, మచ్చ ఇంకా చిన్నదవుతుందని. బిందె ఖాళీ అయ్యేసరికి కింది వరసలకు సరిపడా పలకలూ కాళ్ళూ తెల్లగా తయారయ్యాయి. పైవరసలకు పాతవే మిగిలాయి. అవి చూసి "అయ్యో, సున్నం చాల్లేదే" అని అక్క ఎంత బాధపడిందో! ఆ చాలకపోవడమే మమ్మల్ని కాపాడుతుందని అప్పుడెవరికి తెలుసు.

మర్నాడు మామ నులకమంచం బట్టీ గుమ్మం దగ్గర వేయించుకుని కూర్చున్నాడు. వంగి లోపలికి చూసి, తెల్లటి పలకలు కనబడగానే మొహం వికసించింది. "శభాష్ బేటీ! నేను కూడా ఇంత నున్నగా ఎప్పుడూ పుయ్యలా" అన్నాడు. అక్క కళ్ళు దించుకుని నవ్వింది. ఆమె సిగ్గుపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆయన బయటినుంచి కేకలేస్తుంటే మేము లోపల పేర్చుకుంటూ పోయాం. పెద్ద గిన్నెలు అంచులకు, చిన్నవి నడిమికి. గిన్నెకూ గిన్నెకూ మధ్య వేలు దూరేంత ఎడం. బరువు మూడు మొనల మీద సమంగా పడిందో లేదో గిన్నె అంచును వేలితో తట్టి చూడాలి. కదిలిందంటే తీసి మళ్ళీ పెట్టాలి. అక్క గిన్నెను పెట్టి చెయ్యి తీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. పాట మొదలుపెట్టింది మెల్లగా. గోపురం ఆ పాటను అందుకుని తిరిగి మా నెత్తిన వేసింది. నాకైతే మేము ఇద్దరం కాదు, ఇంకెవరో కనబడని వాళ్ళు కూడా మాతో పాటు పేరుస్తున్నట్టు అనిపించింది. మీరు నవ్వితే నవ్వండి.

గుమ్మం ఇటుకలతో మూశారు. మంట పెట్టారు. పొగగొట్టం పొగలు కక్కినన్నాళ్ళూ అక్క తల్లికి అన్నం తినిపించి, పరుగున వచ్చి, ఎదురుగా ఎండలో కూర్చునేది. "నువ్వు చూస్తే తొందరగా కాలుద్దా అమ్మా?" అని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు. మంట ఆపాక బట్టీ చల్లారేదాకా ఆగాలి. ఆ ఆగడం ఉంది చూడండి, దానికంటే పురుటినొప్పులు నయం.

బట్టీ తెరిచే రోజు పొద్దున్నే అందరం చేరాం. గుమ్మం ఇటుకలు ఒక్కొక్కటీ తీస్తుంటే లోపలినుంచి సన్నగా టింగ్, టింగ్ అని చప్పుడు వచ్చింది. వేడి గ్లేజుకు చల్లగాలి తగిలితే అలా మోగుతుంది. ఎక్కడో దూరంగా గాజులు కదిలినట్టుంటుంది.

పైవరస గిన్నెలు చేతులు మారుతూ బయటికి వచ్చాయి. తేనెరంగు గ్లేజు ఎండలో మెరిసిపోతోంది. ఒక్కటీ వాలలేదు, ఒకదానికొకటి తగల్లేదు. కోడికాళ్ళు టక్కుటక్కున విరిగి రాలుతున్నాయి. సూపరింటెండెంటు గారు ఒక గిన్నె బోర్లించి మూడు మచ్చల మీద వేలు పెట్టి చూసి, మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వాడు. అక్క నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇప్పటికీ అక్కడ నొప్పి ఉన్నట్టే ఉంటుంది.

తరవాత కింది వరసకు వచ్చాం. అక్క తనే వంగి ఒక చిన్న జాడీని పట్టుకుంది. రాలేదు. కొంచెం ఊపింది. రాలేదు. గట్టిగా లాగింది. జాడీతో పాటు పలక పలకంతా లేచింది.

పక్కది పట్టుకుంది. అదీ అంతే. సున్నం నిప్పులో గ్లేజుతో కలిసి పాకమై, గిన్నెనూ కోడికాలునూ పలకనూ కలిపి ఒకటి చేసింది. కింది వరసలన్నీ అలాగే ఉన్నాయి.

"చెప్పానా? చెప్పానా లేదా?" అన్నాడు మేస్త్రీ.

సూపరింటెండెంటు గారి నవ్వు ఆరిపోయింది. "అందుకే నేను మొదట్నుంచీ..." అని ఆగిపోయాడు. అక్క సుత్తి అడిగి తీసుకుంది. ఆ జాడీ అడుగు చుట్టూ పలకను కొట్టుకుంటూ వచ్చి, దాన్ని ఊడదీసి, బయటికి వచ్చి ఎండలో నిలబడింది. జాడీకి కోడికాలు అంటుకునే ఉంది. దాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుంది. ఎవరి వంకా చూడలేదు, తల కూడా దించుకోలేదు. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. నా కళ్ళ ముందు అక్క తల్లి పుళ్ళు పడ్డ వీపు కనబడుతోంది.

సాయిబు మామ కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చి, పలక ముక్కను తీసుకుని, దానికి అంటిన తెల్లపొడిని గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం వంకర పోయింది.

"సున్నమా?" అన్నాడు.

"సున్నం గాక ఇంకేం పూస్తారు మామా?" అంది అక్క.

ఆయన ఒక్క క్షణం ఆమె వంక చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కర్ర జారిపోయి మంచం మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. "యా అల్లా! అది తెల్లమట్టి తల్లీ! నిప్పులో కరగని మట్టి. దూరాన్నించి రైల్లో వచ్చుద్ది. సున్నం పుయ్యొద్దని చెప్పాలని నాకు తోస్తేగా!"

తరవాత నవ్వు తుడుచుకుని నన్ను పిలిచాడు. "ఏడుపు ఆపి పలుగు తియ్యి. ఆ తుమ్మచెట్టు మొదట్లో, పెంటకుప్ప పక్కన తవ్వు" అన్నాడు. ఎందుకో తెలియకపోయినా తవ్వాను. మోకాలు లోతు తవ్వేసరికి పలుగు ఖంగుమంది. మట్టి దులిపి పైకి తీస్తే ఒక సాసర్ల దొంతర. ఒకదాని మీద ఒకటి వాలి, కరిగి, ముద్దకట్టి ఉంది. మధ్యమధ్య కోడికాళ్ళ మొనలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఇది నా మొదటి బట్టీ సార్" అన్నాడు మామ సూపరింటెండెంటుతో. "మీకంటే ముందున్నాయన ఊళ్ళో లేడు. ఎవరూ రాకముందే పూడ్చేశా. లెక్కకు విరిగిపోయినయ్యని చెప్పా. నేను పూడ్చిపెట్టుకున్నా. ఈ పిల్ల చేత్తో పట్టుకుని అందరి ముందూ నిలబడింది. ఎవరు పనికొస్తారో మీరే చూసుకోండి."

టింగ్, టింగ్ అని లోపల ఇంకా మోగుతూనే ఉంది. సూపరింటెండెంటు గారు ఆ సాసర్ల ముద్దను అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. "ఇంకో బట్టీ పేర్చండి" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "తెల్లమట్టి ఏదో ముందు చూపించండి వాళ్ళకి" అన్నాడు.

మా రెండో బట్టీ బాగా వచ్చాక, అదంతా తన నిప్పు గొప్పతనమేనని మేస్త్రీ ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ, పాపం.

ఆ వానాకాలం అక్క వలస పోలేదు. ముసలమ్మ ఆ తరవాత చానాళ్ళు బతికి, కూతురి చేతిలో నీళ్ళు తాగి పోయింది. కేంద్రం మూతపడేదాకా బట్టీ పేర్చింది మేమిద్దరమే. అంటుకుపోయిన ఆ జాడీని అక్క ఇంటికి తీసుకుపోయి ఉప్పు పోసుకుంది. ఎవరైనా "ఇదేందే, దీనికి కాళ్ళున్నయ్యి?" అని అడిగితే, "దానికి ఇంకెవరి ఆసరా అక్కర్లా, దాని కాళ్ళ మీద అది నిలబడుద్ది" అనేది.

అక్క పోయి చాలా కాలమైంది. జాడీని సమాధి తలవైపు నేనే పెట్టించాను. ప్రతి ఏడూ సమాధుల పండగకు ముందు రోజు మా గుడివాళ్ళందరం కుంచెలు పట్టుకుని వెళ్తాం. నాకిప్పుడు వంగితే నడుము పట్టేస్తుంది, అయినా అక్కది మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వను. చుట్టూ శుభ్రం చేసి, ఆ మూడు కాళ్ళ జాడీలో బంతిపూలు పెట్టి, బిందెలో సున్నం కలుపుతాను. కుంచె ముంచి మొదటి పూత వేసేటప్పుడు ప్రతిసారీ ఆమెకు వినబడేలా ఒక మాట చెబుతాను.

"ఇక్కడ ఎంత సున్నమైనా పుయ్యొచ్చక్కా. ఏం కాదు."